గుట్ట ఎక్కే ముందు ఊరు చూడండి

(ఫణిగిరి యాత్రకు ముందు రోజు సాయంత్రం, సూర్యాపేటలో డిగ్రీ విద్యార్థులతో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటల పాఠం)

అందరికీ నమస్కారం. మైకు నేనే వద్దన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో అరిచిన గొంతు ఇది, చివరి వరసకు వినపడుతుంది. వినపడకపోతే చెయ్యెత్తండి. నిద్ర వస్తే మాత్రం ఎత్తనక్కరలేదు. (నవ్వులు)

రేపు మీరు ఫణిగిరి గుట్ట మీది పాత బౌద్ధ విహారం చూడటానికి వెళ్తున్నారు. మీ మేడమ్ గారు ఫోన్ చేసి, "పిల్లలకు బౌద్ధం గురించి ఒక గంట చెప్పండి సార్" అన్నారు. బౌద్ధం గంటలో తేలే వ్యవహారం కాదమ్మా, గుట్టను ఎలా చూడాలో చెబుతాను, సరేనా అన్నాను. సరే అన్నారు. మాది ఆ పక్క ఊరే. చిన్నప్పటి నుంచీ ఆ గుట్టను చూస్తున్నాను. అందులో మొదటి ముప్పై ఏళ్ళు తప్పుగా చూశాను. మీకు ఆ ముప్పై ఏళ్ళు మిగిలిద్దామని వచ్చాను.

ఎలా తప్పుగా చూశానో ముందు చెప్పాలి. చిన్నప్పుడు మా బాపుతో మేకల వెంట వెళ్ళేవాణ్ణి. పైన ఇటుకలు కనిపించేవి. మన ఇప్పటి ఇటుక లాంటివి కావు, పొడవులో రెండింతలు ఉంటాయి. ఒక్కటి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. "ఇంత పెద్ద ఇటుక ఎవరు పెట్టారు బాపూ" అంటే, "ఎనకటి మనుషులు మనకంటే పెద్దగా ఉండేవాళ్ళురా" అనేవాడు. అప్పట్లో అది నాకు చాలా సబబుగా తోచింది.

తర్వాత చదువుకున్నాను, పంతులునయ్యాను, పాఠం చెప్పడం మొదలుపెట్టాను. "బౌద్ధ భిక్షువులు లోకపు రణగొణధ్వనికి దూరంగా, ప్రశాంతత కోసం, కొండల మీద విహారాలు కట్టుకున్నారు." ఏళ్ళ తరబడి ఇదే వాక్యం చెప్పాను. ఒకసారి ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల లేచి, "సార్, మరి వాళ్ళకు అన్నం ఎవరు పెట్టారు?" అని అడిగింది. కూలి పనికి వెళ్ళే తల్లి బిడ్డ. ఆ ప్రశ్న ఆ ఇంటి నుంచే రావాలి. మా ఇళ్ళలో పుట్టిన వాళ్ళకు రాలేదు, నాకైతే అసలే రాలేదు. ఆ రోజు ఏదో చెప్పి కూర్చోబెట్టాను. ఆ సాయంత్రం నుంచి నేను మళ్ళీ చదువుకోవడం మొదలుపెట్టాను.

భిక్షువు వండుకోకూడదు. దాచుకోకూడదు. పొద్దున్నే పాత్ర పట్టుకుని ఊళ్ళోకి నడవాలి, ఇంటి ముందు నోరు విప్పకుండా నిలబడాలి, పెట్టింది తీసుకోవాలి, మధ్యాహ్నం దాటకముందే తినాలి. దాటితే మర్నాటిదాకా లేదు. ఈ నియమాలన్నీ వినయపిటకంలో, అంటే భిక్షువుల నియమాల గ్రంథంలో ఉన్నాయి. విహారం ఎక్కడ కట్టాలో కూడా అక్కడే ఉంది. ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గర కాకూడదు. వెళ్ళి రావడానికి వీలుగా ఉండాలి. పగలు సందడి తక్కువగా, రాత్రి చప్పుడు లేకుండా ఉండాలి. ఇప్పుడు మన గుట్టను తలచుకోండి. పైకి ఎక్కితే ఊరు చప్పుడు వినపడదు. కానీ పొయ్యి ముట్టిస్తే పొగ కనపడుతుంది. పొగ కనపడేంత దగ్గర, పలుకు వినపడనంత దూరం. ఆ గుట్టను ఎంచుకున్న వాళ్ళకు లెక్క బాగా తెలుసు.

అందుకే మొట్టమొదట చెబుతున్నాను. రేపు బస్సు దిగగానే పైకి పరుగెత్తకండి. కింద పది నిమిషాలు నిలబడండి. వాగు ఎటు ఉంది, పొలాలు ఎటు ఉన్నాయి, ఊరు ఎటు ఉంది, చూడండి. ఆ వాగు పేరు బిక్కేరు. అది వెళ్ళి మూసీలో కలుస్తుంది, మూసీ వెళ్ళి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే ఈ గుట్ట కింద నీళ్ళు చివరికి కృష్ణ నీళ్ళే. అప్పటి బాటసారులకు వాగూ ఏరూ పక్కనే నడక. తాగడానికి నీళ్ళు, ఎడ్లకు మేత. ఉత్తరాది నుంచి కృష్ణ లోయకు దిగే దారి ఈ ప్రాంతం మీదుగానే పోయేది. చుట్టుపక్కల పేర్లు చూడండి: గాజులబండ, వర్ధమానుకోట, తిరుమలగిరి. అన్నిచోట్లా బౌద్ధపు ఆనవాళ్ళు దొరికాయి. ఒక దండలో పూసల్లా ఉంటాయి. దండలో దారం అంటే ఆ బాటే.

ఇప్పుడు పైకి వెళ్దాం. గుట్టపై భాగం సుమారు పదహారు ఎకరాలు. మెట్లున్నాయి, కానీ ఒక్క వరస కాదు. వేర్వేరు ఎత్తుల్లో వేదికలు, వాటికి మెట్లు, మళ్ళీ వేదిక. ఎక్కుతూ ఉంటే ఒక్కసారిగా అంతా కనపడదు, విడతలుగా కనపడుతుంది. మహాస్తూపం ఉంది. ఒక చివర అర్ధవృత్తంగా ముగిసే చైత్యగృహాలు, అంటే పూజా మందిరాలు ఉన్నాయి. ఒక దాంట్లో స్తూపం, ఒక దాంట్లో బుద్ధుడి పాదాలు. బుద్ధుణ్ణి బొమ్మగా చూపకుండా పాదాలుగా, చక్రంగా, చెట్టుగా చూపిన కాలం ఒకటి ఉంది, బొమ్మగా చూపిన కాలం ఒకటి ఉంది. ఈ గుట్ట మీద రెండూ కలిసి కాపురం చేశాయి. చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు ఉన్నాయి. ఇప్పుడు మనం గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టినట్టే అప్పటి వాళ్ళు స్తోమత ఉంటే ఒక చిన్న స్తూపం కట్టించుకునేవాళ్ళు. విహారాల గదుల వరసలు ఉన్నాయి. స్తంభాల మంటపం ఉంది, భిక్షువులంతా కూడి కూర్చునేది. పున్నమికీ అమావాస్యకూ కూడి, నియమాలు ఒక్కొక్కటే చదువుతూ, తప్పు చేసినవాడు లేచి ఒప్పుకోవాలి. ఈ పద్ధతి ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ మళ్ళీ రాలేదు. (నవ్వులు)

స్తూపం గురించి ఒక్క మాట. దాన్ని నిలబడి చూసేస్తే చూసినట్టు కాదు. చుట్టూ తిరగాలి. ప్రదక్షిణాపథం అంటే అదే, కుడిచేయి స్తూపం వైపు ఉంచి నడిచే దారి. కృష్ణ లోయ స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు ఉంటాయి. నడుస్తుంటే దిక్కు మారినప్పుడల్లా ఒక వేదిక ఎదురవుతుంది. ఒకసారి తిరగండి, సెల్ఫీలు రెండో ప్రదక్షిణలో తీసుకోండి.

తోరణం దగ్గర మాత్రం నేను కాసేపు ఆగుతాను, మీరూ ఆగాలి. సాంచీకి వెళ్ళిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇద్దరు. మంచిది. అక్కడ స్తూపానికి నాలుగు వైపులా రాతి తోరణాలు చూసి ఉంటారు. దక్షిణాదిన అలాంటి చెక్కిన తోరణాలు అరుదు. అమరావతిలో కనపడవు, నాగార్జునకొండలో కనపడవు. ఫణిగిరిలో దొరికింది. సున్నపురాతి దూలం, రెండు వైపులా శిల్పం. మన గుట్ట గుట్టంతా గట్టి నల్ల గుండ్లు, ఆ రాయి మీద ఉలి ఇంత మెత్తగా నడవదు. ఈ సున్నపురాయి దక్షిణాన కృష్ణ ఒడ్డు వైపు దొరికే రకం. అక్కడి నుంచి ఇక్కడిదాకా బండ్ల మీద తెచ్చి, గుట్ట ఎక్కించి, నిలబెట్టారు. ఎడ్లెవరివి, బండ్లెవరివి, కూలి ఎవరిచ్చారు? మా ఎనిమిదో తరగతి పిల్ల ఉంటే ముందు ఈ ప్రశ్నే వేసేది.

శిల్పంలో ఉన్నది మహాభినిష్క్రమణం. సిద్ధార్థుడు రాత్రి ఇల్లు వదిలి వెళ్ళిన కథ. తన గుర్రం కంథకం మీద ఎక్కి బయలుదేరితే, గిట్టల చప్పుడుకు ఊరు లేవకుండా యక్షులు డెక్కల కింద చేతులు పెట్టి మోశారని చెబుతారు. ఎంత చక్కటి ఊహ! ఊరు నిద్రపోతోంది, గుర్రం పరుగెడుతోంది, చప్పుడు లేదు. ఆ తర్వాత కత్తితో జుట్టు కోసుకుని, తలపాగా తీసేసి ఆకాశంలోకి విసిరితే, ఇంద్రుడు అందుకుని దేవలోకంలో పెట్టి పూజించాడట. ఆ తలపాగా పూజ కూడా ఇక్కడి శిల్పాల్లో కనపడుతుంది. తలపాగా అంటే మన పల్లెలో ఏమిటో మీకు చెప్పాలా? పెద్దమనిషి తలపాగా తీసి ఎదుటివాడి కాళ్ళ దగ్గర పెట్టాడంటే అది ప్రాణం పెట్టినట్టు. ఆ రాతి ముందు నిలబడిన బాటసారి రైతుకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ దూలం 2023లో న్యూయార్క్ వెళ్ళింది. అక్కడి మెట్రోపాలిటన్ మ్యూజియంలో భారతదేశపు తొలి బౌద్ధ కళ మీద పెద్ద ప్రదర్శన జరిగింది. దాని పేరు మన భాషలో చెబితే "చెట్టు, సర్పం". చూడండి, పడగ గుట్ట నుంచి వెళ్ళిన రాయి సర్పం పేరున్న ప్రదర్శనలో నిలబడింది. ఫణి అంటే పాము కదా. గుట్ట పడగ విప్పినట్టు ఉంటుంది కాబట్టి ఫణిగిరి అన్నారని పెద్దలు చెబుతారు. వచ్చే దారిలో దూరం నుంచే చూడండి, పడగ కనపడిందో లేదో మీరే చెప్పండి. నాకు ఒక వైపు నుంచి కనపడుతుంది, ఇంకో వైపు నుంచి బోర్లించిన చేటలా ఉంటుంది. పిలవడానికి పడగే బాగుందనుకుంటాను. చేటగుట్ట అంటే ఎవరు వస్తారు? (నవ్వులు)

ఇక తవ్వకాల సంగతి తొందరగా చెప్పేస్తాను. నిజాం పాలనలో 1941 నుంచి 1944 దాకా ఖాజా మహమ్మద్ అహ్మద్ గారు తవ్వారు. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా మేకలూ మేమే. 2001లో రాష్ట్ర పురావస్తు శాఖ మళ్ళీ మొదలుపెట్టింది, విడతలుగా ఇప్పటిదాకా సాగుతూనే ఉంది. శాతవాహనుల నాణేలు, వాళ్ళ తర్వాత కృష్ణ లోయను ఏలిన ఇక్ష్వాకుల నాణేలు, మహాతలవరుల నాణేలు దొరికాయి. మహాతలవరుడంటే అప్పట్లో పెద్ద అధికారి, సామంతుడి లాంటివాడు. మన ఊళ్ళలో తలారి ఉండేవాడు గుర్తుందా, కల్లాల దగ్గర కాపలా, దండోరా, రైతులను చావిడికి పిలుచుకు రావడం? ఆ తలారి అనే మాటకు మూలం తలవరుడే అని చెబుతారు. నాణెం మీద పేరు వేయించుకున్నవాడు చివరికి మన ఊరి మూల గుడిసెలోకి వచ్చాడు. మాటలకూ జాతకాలుంటాయి.

తవ్వకాల్లో బయటపడ్డ ఒక బొమ్మ గురించి చెప్పకుండా ఉండలేను. నిలువెత్తు బోధిసత్త్వుడు, లోపల ఇటుక కూర్పు, పైన సున్నపు గచ్చు. రాతిని చెక్కితే వెయ్యేళ్ళు ఉండటం వింత కాదు. గచ్చు బొమ్మ అంతకాలం నిలబడటమే వింత. మట్టి కప్పడం వల్ల బతికింది. మన తాపీ మేస్త్రీలు డంగు సున్నం అంటారే, బెల్లం నీళ్ళూ కరక్కాయా కలిపి రోజుల తరబడి నూరి చేసేది, ఆ విద్యకు పూర్వీకులు ఆ బొమ్మ చేసినవాళ్ళు. సిమెంటు బస్తా వచ్చాక ఆ చేతి పని పోయింది. గచ్చును నునుపుగా రుద్దిన చేతులు చాలా ఓపికగల చేతులు.

శాసనాల్లో నాకు బాగా ఇష్టమైనది ఒకటుంది. ఇక్ష్వాకుల చివరి రాజుల్లో రుద్రపురుషదత్తుడనే ఆయన ఉన్నాడు. విజయపురి, అంటే నాగార్జునకొండ, రాజధాని. అక్కడి శాసనాల్లో ఆయన పదకొండో పాలనా సంవత్సరం దాకానే జాడ ఉంది. పుస్తకాల్లో ఆయన పాలన అక్కడితో ఆగింది. మన గుట్ట మీద స్తంభం ఒకటి దొరికింది, దాని మీద ఆయన పద్దెనిమిదో సంవత్సరం అని ఉంది. అంతే, రాజధానిలో దొరకని ఏడేళ్ళు మన గుట్ట ఇచ్చింది. ఆ స్తంభం ఎవరు నిలబెట్టించారు? రాజు కాదు. రాణి కాదు. రాజుగారి ప్రధాన వైద్యుడు. అగ్రభిషజుడని అందులో మాట. ఆయన ఇక్కడ ధర్మచక్రం నిలిపాడు.

వైద్యుడు ఎందుకు నిలిపాడు అని మీరు అడగాలి. అడగరా? నేనే అడుగుతాను. భిక్షువుకు లోకం నుంచి తీసుకోదగినవి నాలుగే: కట్టుకోవడానికి చీవరం, తినడానికి భిక్ష, ఉండటానికి చోటు, జబ్బు చేస్తే మందు. ఆ నాలుగోదాని దగ్గర వైద్యుడూ సంఘమూ కలుస్తాయి. బుద్ధుడి కాలంలో జీవకుడనే వైద్యుడి కథ వినే ఉంటారు, ఆయనా రాజుగారి వైద్యుడే, తన మామిడి తోటను సంఘానికి ఇచ్చాడు. మన అగ్రభిషజుడికి ఆ జీవకుడి కథ తెలిసే ఉంటుందని నా నమ్మకం. రాజధాని నుంచి ఇంత దూరం వచ్చి, ఈ గుట్టను వెతుక్కుని, చక్రం పెట్టించాడంటే ఈ గుట్టకు పేరు ఎంత ఉండి ఉండాలి!

ఇక కుండ. 2024లో గుట్ట మీద ఒక మట్టికుండ దొరికింది. పెద్దదేమీ కాదు, పెరుగు ముంత కంటే కాస్త పెద్దది. మూతి మీద మరో మట్టిపాత్ర మూత. లోపల 3,730 సీసపు నాణేలు. ఒక్కొక్కటి రెండు గ్రాముల పైచిలుకు, అంటే కుండలో ఎనిమిది కిలోల పైన సీసం. ఒక వైపు ఏనుగు, రెండో వైపు ఉజ్జయిని గుర్తు, అంటే నాలుగు కొసలా సున్నాలున్న కూడలి గుర్తు. ఇక్ష్వాకుల కాలానివని పురావస్తు శాఖ తేల్చింది.

ఇక్కడ మీకు తిరకాసు కనపడాలి. భిక్షువు బంగారం, వెండి ముట్టకూడదు. ఈ ఒక్క నియమం మీద ఎంత గొడవ జరిగిందంటే, బుద్ధుడు పోయిన నూరేళ్ళకు వైశాలిలో పెద్ద సభ జరిగింది, అందులో తగవు పెట్టుకున్న పది విషయాల్లో డబ్బు తీసుకోవచ్చా అన్నది ఒకటి. మరి గుట్ట మీద ఈ కుండ ఏమిటి? సీసం బంగారమూ కాదు, వెండీ కాదు కదా అని ఎవరో తెలివిగా అన్నారనుకుంటే నాకు నవ్వొస్తుంది, కాని ఆ తెలివి అవసరం కూడా రాలేదు. సంఘం తరఫున డబ్బు చూసే గృహస్థుడు ఒకడు ఉండేవాడు. కప్పియకారకుడని పాళీలో అంటారు. దాత వచ్చి అతని చేతిలో పెడతాడు, అతను సంఘానికి కావలసింది కొని ఇస్తాడు. భిక్షువు చేయి అంటదు.

పైగా సీసం అంటే చిల్లర. రోమన్ వర్తకుడి బంగారం కాదిది. సంతలో దోసెడు గింజలకో, ముంతెడు నూనెకో ఇచ్చే నాణెం. రాజు ఒకేసారి విసిరిన మూట ఇలా ఉండదు. మూడు వేల ఏడు వందల సార్లు ఎవరో ఒకరు మొలలో ముడి విప్పి ఒకటి తీసిచ్చారని నేను అనుకుంటాను. అన్నం ఎవరు పెట్టారు అన్న ప్రశ్నకు ఆ కుండ సగం జవాబు. రెండో సగం జవాబు కుండలో ఉండదు, ఎందుకంటే పొద్దున పాత్రలో పడిన జొన్న గటకకు నాణెం లేదు, శాసనం లేదు. పెట్టిన ఆమె పేరు ఏ రాతి మీదా లేదు.

(ప్రశ్న: సార్, నాగార్జునకొండ అంత పెద్దది కదా, దాని ముందు ఇది చిన్నదేనా?)

మంచి ప్రశ్న. విస్తీర్ణంలో చిన్నదే. కాని నాగార్జునకొండ లోయను మీరు చూడలేరు నాయనా. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో హడావుడిగా తవ్వి, కొన్నింటిని పైకి తరలించారు. మిగిలింది నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది. ఏలేశ్వరం కూడా అంతే. ఆ నీళ్ళతో మన పొలాలు పండాయి, నేను దాన్ని తప్పు పట్టను, మా అత్తగారి ఊళ్ళో కాలువ వచ్చాకే వరి అన్నం తిన్నారు. కాని అక్కడ విహారం నుంచి ఊరికి నడిచిన దారి లేదు. ఇక్కడ ఉంది. గుట్ట, వాగు, పొలం, ఊరు, నాలుగూ ఉన్న చోటే ఉన్నాయి. అందుకని నేను దీన్ని చిన్నదనను.

(ప్రశ్న: తర్వాత ఏమయింది సార్? ఎందుకు వదిలేశారు?)

ఇక్ష్వాకుల తర్వాత పెద్ద దాతలు తగ్గారు. బౌద్ధం ఒక్క రోజులో పోలేదు. రామన్నపేట దగ్గర తుమ్మలగూడెంలో ఇక్ష్వాకుల తర్వాతి కాలపు విష్ణుకుండిన రాజుల రాగిరేకులు దొరికాయి, వాళ్ళలో గోవిందవర్మ అక్కడి విహారానికి దానమిచ్చినట్టు ఉంది. మన పాత నల్గొండ జిల్లాలోనే ఇంకో గుట్ట కింద ఆ తర్వాత కూడా దీపం వెలిగింది. ఫణిగిరిలో మాత్రం దాతలు తగ్గారు, బాట మారింది, పొద్దున గుట్ట దిగే పాత్రలు తగ్గాయి. ఇటుకలు మిగిలాయి. ఇటుకలు కూడా కొన్ని కిందికి దిగాయి లెండి. మా అవ్వ ఇంటి గడప ముందు ఒక మెట్టు రాయి ఉండేది, తిరగేస్తే కింద సగం తామరపువ్వు. దాని మీద కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవాళ్ళం. మా అవ్వను దొంగ అనకండి, ఆమె కాపురానికి వచ్చేసరికే ఆ రాయి అక్కడ ఉంది.

మీరు మాత్రం ఒక్క పెంకు ముక్క కూడా జేబులో వేసుకోకండి. అది ఏ పొరలో, ఏ మూల, దేని పక్కన ఉందో దాన్ని బట్టే అది ఏదైనా చెబుతుంది. మీ షోకేసులో అది మూగది.

(ప్రశ్న: భోజనం ఎక్కడ సార్?)

ఇదిగో, అసలు ప్రశ్న వచ్చింది. (నవ్వులు) ఎవరి సద్ది వాళ్ళు తెచ్చుకోండి, మీ మేడమ్ గారు ముందే చెప్పారు కదా. పైన తినకండి, కాగితాలు ఎగురుతాయి. దిగివచ్చాక వాగు వైపు చెట్ల నీడ ఉంది, అక్కడ కూర్చోండి. ఎండ ముదరకముందు ఎక్కాలి, కాబట్టి బస్సు పొద్దున ఆరింటికి. జనగామ రోడ్డు మీద నాగారం దాటాక నన్ను ఎక్కించుకోండి, మర్రిచెట్టు కింద నిలబడి ఉంటాను. నీళ్ళ సీసా మరచిపోయిన వాళ్ళు నా దగ్గర అడగవద్దు, నాది ఒక్కటే ఉంటుంది.